పురుగు గుడ్ల మీద పీహెచ్‌డీ అంటే ఇంట్లో నవ్వుతున్నారు, వెళ్ళనా వద్దా?

ముమ్మిడివరం మల్లి
ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే అండి. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికున్నోళ్ళు చదవండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లె, నాన్న 4 ఎకరాలు లీజుకి తీసుకుని వెనామీ రొయ్యలు వేస్తారు. నేను ఎమ్మెస్సీ జెనెటిక్స్ అయ్యాను, నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, పోయిన నెల ఒక ల్యాబ్‌కి ఇంటర్వ్యూకి వెళ్తే సీటు కూడా ఇచ్చేశారు. ఇంతవరకు అంతా బానే ఉంది. తీరా చూస్తే ఆ ల్యాబ్‌లో చేసేది సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగు మీద, అది కూడా పురుగు మీద కాదు దాని గుడ్డు మీద, గుడ్డు మీద అంటే మళ్ళీ గుడ్డు మొట్టమొదటిసారి రెండుగా చీలే ఆ ముప్పావుగంట మీద. ఇది విని మా మావయ్య "ఐదేళ్ళు కూర్చుని ముప్పావుగంట గురించి చదువుతావా" అని ఊరంతా చెప్పుకుని నవ్వుతున్నాడు. ఆయనకి తెలిసినోళ్ళు హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత చూసే) ఉద్యోగం ఇప్పిస్తానన్నారంట.

నాన్న నవ్వలేదు కానీ "మన చెరువులో సీడు దింపితే సగం ఎందుకు పోతుందో చెప్పే నాథుడు లేడు, అదేదో రొయ్యపిల్ల మీద చెయ్యొచ్చు కదమ్మా" అన్నారు. ఆ మాటకి నేనేం అనలేకపోయాను. అసలు నాకు ఈ పిచ్చి పట్టిందే చిన్నప్పుడు నాన్నతో హేచరీకి వెళ్ళినప్పుడు, అక్కడి టెక్నీషియన్ మైక్రోస్కోప్‌లో నాప్లి (గుడ్డులోంచి అప్పుడే వచ్చిన రొయ్యపిల్ల) చూపించాడు, ఆ తర్వాత జోయా, మైసిస్ అంటూ రూపం మారిపోతూ ఉంటే నోరెళ్ళబెట్టి చూశాను.

ఇంక నానమ్మ. ఆవిడకి కుడికాలు బోదకాలు, పెళ్ళైన కొత్తలో మొదలైందంట. నులిపురుగు అనగానే "నా కాలు ఇలా చేసిన పురుగేనా, దానికి మందు కనిపెడతావేంటే" అని ఆశగా అడిగింది. కాదు నానమ్మా ఇది మట్టిలో ఉంటది, మనిషిని ఏం చెయ్యదు అన్నాను. "ఏం చెయ్యని పురుగుతో నీకేం పనే" అంది. నిజంగా నా దగ్గర జవాబు లేదండి.

ఈ లైన్‌లో ఉన్నోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, రోజూ ల్యాబ్‌లో చేసే పని ఏముంటది, ఐదేళ్ళ తర్వాత తిండి పెడుతుందా, ఒక్క మిల్లీమీటర్ పురుగు గుడ్డు చూస్తూ జీవితం గడిపేసినోళ్ళు నిజంగా ఉన్నారా. ఇంటర్వ్యూలో వాళ్ళు ఆ గుడ్డు చీలే వీడియో చూపించారు, ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు, అందుకే అడుగుతున్నా.


గోదారి గట్టు
ఆదివారం రాత్రి 10:58

ఆయ్, మా ఊళ్ళో ఒకాయన పులస కోసం పుస్తెలమ్మడానికి రెడీ అయ్యాడు, మీరు పురుగు కోసం ఐదేళ్ళంటే తక్కువే కదండీ. జోకులు పక్కన పెడితే మావయ్యగారి మాట పట్టించుకోకండి, మావయ్యలు దేనికైనా నవ్వుతారు. ఈ సబ్జెక్టు తెలిసినోళ్ళు వస్తారు ఆగండి.


నర్సాపురం లేసు
సోమవారం ఉదయం 6:15

చెల్లీ, నేను ఆ లైన్‌లోనే ఉన్నాను, 2001లో మొదలుపెట్టి ఇప్పటిదాకా. పీహెచ్‌డీ ఇక్కడే, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) బయట దేశంలో, ఇప్పుడు వెనక్కొచ్చి పాఠాలు చెప్తూ చిన్న ల్యాబ్ నడుపుతున్నా. మా అమ్మ లేసు అల్లేది, కొక్కెం పట్టుకుని కుట్లు లెక్కపెడుతూ కూర్చునేది, ఒక్క కుట్టు తప్పితే మొత్తం విప్పేసేది. నా ఉద్యోగం కూడా అదే, కాకపోతే నాకు మైక్రోస్కోప్ ఉంది.

ముందు ఈ పురుగుని ఎవరు తెచ్చారో చెప్తా. సిడ్నీ బ్రెన్నర్ అని కేంబ్రిడ్జ్‌లో ఉండేవాడు, 1963లో తన ల్యాబ్ పెద్ద మాక్స్ పెరూట్జ్‌కి ఉత్తరం రాశాడు, ఇంక బ్యాక్టీరియాలో పెద్ద ప్రశ్నలు అయిపోతున్నాయి, జంతువు శరీరం ఎలా తయారవుతుందో, నరాలు ఎలా పనిచేస్తాయో చూడాలి, దానికి చిన్న జంతువు కావాలి అని. అలా వెతికి వెతికి ఈ పురుగు పట్టుకున్నాడు. ఎందుకు ఇదే అంటే ఒళ్ళంతా గాజులాగా పారదర్శకం, కొయ్యక్కర్లేదు, లోపల ఏం జరుగుతుందో బతికుండగానే కనిపిస్తుంది. మూడు మూడున్నర రోజుల్లో గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు పెట్టే దశకి వచ్చేస్తుంది. పైగా చాలావరకు ద్విలింగులు, ఒక్కటే తనలో తాను ఫలదీకరణ చేసుకుని 300 దాకా పిల్లల్ని కంటుంది, మగవి వెయ్యికి ఒకటో రెండో. జెనెటిక్స్ చదివావు కాబట్టి ఇది ఎంత సుఖమో నీకు తెలుస్తుంది, పెళ్ళి సంబంధాలు చూడక్కర్లేదు, ఒక్క మ్యుటెంట్‌ని (జన్యువు మారిన పురుగుని) ప్లేట్‌లో వదిలేస్తే రెండో తరానికి పావు వంతు వాటంతట అవే హోమోజైగస్ (జన్యువు రెండు కాపీల్లోనూ అదే మార్పు ఉన్నవి) అయిపోతాయి. 1974లో ఆయన ఆ పేపర్ వేశాక మా జాతి మొదలైంది.

ఇంకో మాట, ఇది మట్టిలో ఉంటదని పుస్తకాల్లో రాస్తారు గానీ అసలు దీని ఇల్లు కుళ్ళిన పళ్ళు, కంపోస్టు. అందరూ వాడే ఎన్2 రకం బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగుల కంపోస్టులోంచి తీసిందే. దీని దగ్గర చుట్టం సీ. బ్రిగ్సే ఉంది చూడు, దాంట్లో ప్రపంచమంతా వాడే ఏఎఫ్16 అనే రకం మన అహ్మదాబాద్‌లో పట్టింది. రావులపాలెం అరటి మార్కెట్ వెనక పారేసిన గెలల్లో వెతకాలని నాకు ఎప్పట్నుంచో కోరిక, ఇంట్లోవాళ్ళు పడనివ్వట్లేదు.

గుడ్డు చూస్తూ జీవితం గడిపినోళ్ళు ఉన్నారా అన్నావు కదా. జాన్ సల్‌స్టన్ పేరు విన్నావా. ఒక్క కణం నుంచి పిల్ల బయటికొచ్చేదాకా సుమారు 14 గంటలు పడుతుంది, ఆ మధ్యలో పుట్టే ప్రతి కణం ఎవరి కూతురు, ఎవరి చెల్లెలు, ఎటు పోయింది, ఏమైంది అని వంశవృక్షం రాశాడు. ఏడాదిన్నర పాటు రోజూ నాలుగేసి గంటలు రెండు విడతలు, కళ్ళు మైక్రోస్కోప్‌కి అతికించుకుని, కాగితం మీద రంగు రంగు గీతలు. 1983లో వచ్చింది ఆ పేపర్, ఇంకో ముగ్గురితో కలిసి. గుడ్డులో 671 కణాలు పుడతాయి, అందులో 113 పుట్టిన కాసేపటికే చచ్చిపోతాయి, 558 మిగులుతాయి. ఏ గుడ్డు చూసినా ఇదే లెక్క, చచ్చేవి కూడా అవే, దాదాపు అదే టైముకి. ఎందుకు చస్తున్నాయి అని బాబ్ హార్విట్జ్ వెంటపడితే చావుకి కూడా జన్యువులున్నాయని తేలింది. మనిషిలో కూడా అవే రకం జన్యువులు, క్యాన్సర్ కణం చావకుండా మొండికెయ్యడం దాకా కథ వెళ్ళింది. 2002లో బ్రెన్నర్‌కి, సల్‌స్టన్‌కి, హార్విట్జ్‌కి నోబెల్ ఇచ్చినప్పుడు నేను పీహెచ్‌డీ రెండో ఏట ఉన్నా, ల్యాబ్‌లో జీడిపప్పు పాకం పంచాను, మా అమ్మ పంపింది.

ఇప్పుడు నీ ముప్పావుగంట. మీ మావయ్యకి ఇది చెప్పు. గుడ్డు పొడుగు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. అండంలో మొదట ముందు వెనక అనే తేడా ఏమీ లేదు. శుక్రకణం ఏ వైపు దూరితే ఆ వైపు తోక అవుతుంది, రెండో వైపు తల. దూరగానే గుడ్డు పైపొర ఒక వైపుకి లాక్కుపోతుంది, కొన్ని ప్రోటీన్లు ముందు సగానికి, కొన్ని వెనక సగానికి సర్దుకుని మధ్యలో గట్టు వేసుకున్నట్టు హద్దు గీసుకుంటాయి. మీ నాన్నకి చెప్పాలంటే ఒకే చెరువుకి మధ్యలో గట్టు వేసి రెండు చెరువులు చేసినట్టు, కానీ గట్టు సరిగ్గా మధ్యలో పడదు, ముందుది పెద్దది వెనకది చిన్నది. పెద్దదాని పేరు ఏబీ, చిన్నది పీ1. చివరికి అండాలు, శుక్రకణాలు అయ్యే వంశం పీ1 వైపే పోతుంది. ఈ హద్దు గీసే జన్యువుల్ని 1988లో కెన్ కెంఫ్యూస్, జిమ్ ప్రీస్ వాళ్ళు పట్టారు, పార్ జన్యువులు అంటారు. అవి చెడితే రెండు కణాలు సమానంగా చీలుతాయి, ఆ తర్వాత అంతా కలగాపులగం, గుడ్డు చచ్చిపోతుంది. తర్వాత చూస్తే ఈగలో, ఎలుకలో, మన పేగు గోడ కణాల్లో కూడా ఆ పార్ ప్రోటీన్లే పైన కింద తేడా పెడుతున్నాయి. ముప్పావుగంట అంటే ఇదీ.

వీటిని పట్టే పద్ధతుల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది చెప్పకుండా ఉండలేను. గుడ్డు పెట్టలేని రకం పురుగులు కొన్ని ఉంటాయి, గుడ్లు కడుపులోనే పొదిగి పిల్లలు తల్లిని లోపల్నుంచి తినేస్తాయి, తల్లి ఒట్టి సంచీ అయిపోతుంది. మన వైపు తేలు గురించి చెప్తారు చూడు అలాగ. ఇప్పుడు ఆ రకానికి మందు పెట్టి జన్యువులు చెడగొట్టి, వాటి మనవరాళ్ళని వేల కొద్దీ ప్లేట్లలో పెంచి, ఏ తల్లి ఇంకా బతికి ఉందో చూడాలి. తల్లి బతికుందంటే దాని గుడ్లన్నీ చచ్చాయన్నమాట. అంటే తల్లికి ఏ లోటూ లేదు, కానీ గుడ్డులోకి తను పెట్టాల్సిన సామాను ఏదో పెట్టలేదు. మనకి కావాల్సిన జన్యువు అక్కడుంది. తల్లి బతికినందుకు సంతోషపడే ఉద్యోగం అనుకుంటావు, కాదు, గుడ్లు చచ్చినందుకు సంతోషపడతాం. మా అత్తగారికి ఒకసారి చెప్తే రెండ్రోజులు మాట్లాడలేదు.

క్లాసుకి టైమైంది, రోజూ పని గురించి రాత్రికి రాస్తా.


సగంలో దిగినోడు
సోమవారం మధ్యాహ్నం 1:30

అక్క చెప్పిందంతా నిజమే, అందంగా కూడా చెప్పింది, కానీ రెండో వైపు కూడా వినండి మల్లిగారు. నేను ఇదే పురుగు మీద ఐదున్నరేళ్ళు చేసి థీసిస్ ఇవ్వకుండా వచ్చేశా. ఎక్కడ అన్నది వద్దు. జేఆర్ఎఫ్ రెండేళ్ళు, దాని పై మెట్టు ఎస్ఆర్ఎఫ్ మూడేళ్ళు, మొత్తం 5 ఏళ్ళకే డబ్బులు, ఇప్పుడు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. వినడానికి బానే ఉంటది, కానీ నాకు ఒకసారి 7 నెలలు పడలేదు, కాగితం ఏదో టేబుల్ మీద ఆగిందంట, నాన్న దగ్గర అడగలేక ఫ్రెండ్ రూమ్‌లో ఉన్నా. ఐదేళ్ళలో పేపర్ రాకపోతే ఆరో ఏడు ఎవరు పోషిస్తారు అనేది ముందే ఆలోచించుకోండి.

రెండోది, మన దేశంలో బేసిక్ బయాలజీకి ఫ్యాకల్టీ పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఒక్కో పోస్టుకి బయట పోస్ట్‌డాక్‌లు చేసినోళ్ళు క్యూలో ఉంటారు. నేను ఇప్పుడు బెంగళూరులో సీక్వెన్సింగ్ డేటా చూసే ఉద్యోగం చేస్తున్నా, జీతం బానే ఉంది, పురుగు దగ్గర నేర్చుకున్న ఇమేజ్ ఎనాలిసిస్, కోడింగ్ ఇవే తిండి పెడుతున్నాయి. నోబెల్‌లు చూసి మోసపోకండి, ఆ లిస్టులో మన పేరు ఉండదు.

వెళ్ళొద్దు అనట్లేదండి. ల్యాబ్ పురుగుని చూసి ఎంచుకోకండి, గైడ్‌ని చూసి ఎంచుకోండి. అక్కడ ఇప్పుడున్న స్టూడెంట్స్‌కి ఫోన్ చేసి ఎన్నేళ్ళకి బయటికి వస్తున్నారు అని అడగండి.


నర్సాపురం లేసు
సోమవారం రాత్రి 9:20

తమ్ముడు చెప్పింది వంద శాతం కరెక్టు, గైడ్ గురించి మరీ ముఖ్యంగా. నాతో మొదలుపెట్టిన ఆరుగురిలో ఇప్పటికీ గుడ్లు చూస్తున్నది నేనొక్కదాన్నే. నోబెల్ గురించి మాత్రం ఒక్క మాట, 2002 తర్వాత 2006లో ఫైర్, మెల్లోలకి ఆర్ఎన్ఏఐకి (ఆర్ఎన్ఏ పెట్టి జన్యువు నోరు మూయించడం), 2008లో చాల్‌ఫీకి పచ్చగా మెరిసే ప్రోటీన్‌కి, 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకి మైక్రో ఆర్ఎన్ఏకి (జన్యువుల్ని అదుపులో పెట్టే చిట్టి ఆర్ఎన్ఏ), ఇవన్నీ ఈ పురుగు దగ్గర నుంచి వెళ్ళినవే. ఆంబ్రోస్ వాళ్ళది 1993 పనికి 2024లో గుర్తింపు. మొదట్లో అది పురుగుకి మాత్రమే ఉన్న వింత అనుకుని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు నోబెల్ కొడతావని కాదు, ఏ పనికి ఎప్పుడు విలువ వస్తుందో ముందు చెప్పలేమని.

రోజూ పని ఇలా ఉంటది. పొద్దున్నే ప్లేట్లు చూడాలి, ఆకలితో ఉన్నవాటిని కొత్త ప్లేట్లలోకి మార్చాలి. గాజు పుల్ల చివర సన్నటి ప్లాటినం తీగ పెట్టి దాన్ని కొంచెం చదును చేసుకుంటాం, దాంతో ఒక్కో పురుగుని ఎత్తాలి, మొదటి వారం అన్నీ పొడిచి చంపేస్తావు, రెండో నెలకి చెయ్యి కుదురుతుంది. గుడ్డు కావాలంటే తల్లిని ఉప్పునీటి చుక్కలో పెట్టి మధ్యకి కొయ్యాలి, లోపలి గుడ్లు బయటికొస్తాయి, అప్పుడే ఫలదీకరణ అయినదాన్ని వెతికి అగరోజ్ అనే జెల్లీ పొర మీదకి జరపాలి, దేంతో జరుపుతామో తెలుసా, అగ్గిపుల్లకి అంటించిన కనురెప్ప వెంట్రుక. లక్షల రూపాయల మైక్రోస్కోప్ పక్కన కనురెప్ప వెంట్రుక. ఆ తర్వాత అద్దం మూసి, ఫోకస్ పెట్టి, వీడియో మొదలెట్టి ఊపిరి బిగబట్టి కూర్చోవడమే. చాలా గుడ్లు ఒకేసారి కావాలంటే బ్లీచ్, కాస్టిక్ కలిపి పోస్తాం, తల్లులు కరిగిపోతాయి, గుడ్డు పెంకు గట్టిది కాబట్టి గుడ్లు మిగులుతాయి. జన్యువు ఆపాలంటే ఇప్పుడు ఇంకా తేలిక, ఆ జన్యువు డబుల్ స్ట్రాండ్ ఆర్ఎన్ఏ తయారుచేసే బ్యాక్టీరియాని మేతగా పెడితే చాలు, తల్లి తింటుంది, గుడ్డులో ఆ జన్యువు మూగబోతుంది. అలా ఒక్కో జన్యువుని మూసుకుంటూ పోయి 2005కల్లా దాదాపు మొత్తం జీనోమ్ చూసేశారు, సుమారు 20,000 జన్యువుల్లో 661 ఈ మొదటి ఒకటి రెండు చీలికలకి కావాలని తేలింది. ఆ 661లో ఒకదాన్ని పట్టుకుని ఒక మనిషి జీవితకాలం గడపొచ్చు, నేను గడుపుతున్నా.

ఇంక నా ఏడుపు ఒకటి. మేం వాడే మ్యుటెంట్లు చాలావరకు వేడిని బట్టి మారేవి, 15, 16 డిగ్రీల్లో మామూలుగా ఉంటాయి, 25కి తీసుకెళ్తే గుడ్లు చచ్చిపోతాయి. పీహెచ్‌డీ మూడో ఏడు మే నెల, శనివారం రాత్రి ఇంక్యుబేటర్ కంప్రెసర్ పోయింది, సోమవారం పొద్దున్న తలుపు తీస్తే 33 చూపిస్తోంది. మన ఎండలకి ఈ పురుగు తట్టుకోదు, 27 దాటితేనే పిల్లలు కనడం మానేస్తుంది. ప్లేట్లన్నీ పోయాయి. మామూలుగా అయితే ఏ రకాన్నైనా గ్లిసరాల్‌లో పెట్టి ఫ్రీజ్ చేసి దాచుకోవచ్చు, ఏళ్ళ తర్వాత కరిగిస్తే లేచి పాకుతాయి, ఇది ఈ పురుగు ఇచ్చిన వరం. నేను రెండు మ్యుటేషన్లు కలిపి కట్టిన కొత్త రకాన్ని మాత్రం రేపు చేద్దాం ఎల్లుండి చేద్దాం అని ఫ్రీజ్ చెయ్యలేదు. 8 నెలల పని. మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేసి ఏడిస్తే "విప్పి మళ్ళీ అల్లు" అంది, అంతే, ఫోన్ పెట్టేసింది. ఏడు వందల రూపాయల వైరు కాలిందంట లోపల.


వేరుబుడిపె
సోమవారం రాత్రి 10:05

నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన వాణ్ణి, తూర్పు పశ్చిమ రెండు జిల్లాల్లోనూ తిరిగాను. అమ్మా మల్లీ, నులిపురుగు అంటే మీ ఇంట్లోవాళ్ళకి కొత్తగా ఉంది కానీ ఈ డెల్టాలో అది లేని చోటు లేదు. వంగ, బెండ, టమాటా పీకితే వేళ్ళకి బుడిపెలుంటాయి చూడు, అవి నులిపురుగు కట్టుకున్న ఇళ్ళు. అరటి చెట్టు చిన్న గాలికే వేరుతో సహా పడిపోతే రైతు గాలిని తిడతాడు, వేరు చీరి చూస్తే లోపల ఎర్రగా గోధుమరంగుగా కుళ్ళి ఉంటది, అది వేరు తొలిచే నులిపురుగు పని. నీళ్ళు నిలిచే వరి చేలో కూడా ఒక రకం వేళ్ళలో ఉంటది. మేము పాతికేళ్ళు గుళికలు వెయ్యండి, బంతి మొక్కలు వెయ్యండి, ఎండాకాలం లోతు దుక్కి చెయ్యండి అని చెప్పుకుంటూ తిరిగాం, పురుగు లోపల ఏముందో మాకు ఎవరూ చెప్పలేదు. ఈ పంట పురుగుని ప్లేట్‌లో పెంచలేం, దానికి బతికున్న వేరు కావాలి. అందుకే మీ గాజు పురుగు దగ్గర నేర్చుకున్న ఆర్ఎన్ఏఐని ఇటు తెచ్చి, వేరులోనే ఆ ఆర్ఎన్ఏ పుట్టేలా మొక్కలు తయారుచేసి చూస్తున్నారు.

నాన్నగారికి చెప్పు, రొయ్య మీద చెయ్యాలన్నా ముందు ఎక్కడో ఒకచోట గుడ్డుని చదవడం నేర్చుకోవాలి, నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన గుడ్డు లేదు అని.


పాత సిస్టరమ్మ
మంగళవారం ఉదయం 7:40

నేను ఏఎన్ఎంగా కోనసీమ లంకల్లో 30 ఏళ్ళు చేశానమ్మా, మీ నానమ్మగారి గురించి చదివి ఆగలేక రాస్తున్నా, టైపింగ్ మా మనవడు. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి, రాత్రి పూట మాత్రమే ఒంట్లో రక్తంలోకి వస్తాయి, దోమ కుట్టే టైముకి. అందుకని మేము రాత్రి ఎనిమిది దాటాక టార్చిలైట్లు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళి వేలి చివర పొడిచి స్లైడు తీసేవాళ్ళం, జనం నిద్రలో లేచి తిట్టేవాళ్ళు, ఒకసారి కుక్క కరిచింది కూడా. తర్వాత ఏడాదికోసారి డీఈసీ అనే బోదకాలు మాత్రలు ఊరందరికీ మింగించడం వచ్చింది, దాంతో నులిపురుగుల మందు ఆల్బెండజోల్ కూడా. మా ముందే మింగండి అంటే జేబులో వేసుకునేవాళ్ళు.

ఆ డీఈసీ ఎవరి టీమ్ నుంచి వచ్చిందో మీ నానమ్మకి చెప్పు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉండగా, 1940లలో. మన గోదావరి జిల్లా బోదకాలుకి గోదావరి జిల్లా మనిషే మందు పంపాడు. ఇది నేను ప్రతి ఇంట్లో చెప్పేదాన్ని, అప్పుడు మింగేవాళ్ళు.


నర్సాపురం లేసు
మంగళవారం రాత్రి 9:50

సిస్టరమ్మగారూ దండం మీకు. మల్లీ, నానమ్మకి చెప్పాల్సిన జవాబు ఇక్కడుంది చూడు. డీఈసీ రక్తంలోని పిల్ల పురుగుల్ని బాగా చంపుతుంది, కానీ లింఫు నాళాల్లో కాపురం పెట్టిన తల్లి పురుగు చాలాసార్లు బతికిపోతుంది, ఏళ్ళ తరబడి పిల్లల్ని కంటూనే ఉంటది. అందుకే ఏటా మింగమనేది. ఆ తల్లి కడుపులో పిల్ల ఎలా తయారవుతుందో చూద్దామంటే కుదరదు, మనిషి నాళంలోంచి దాన్ని బయటికి తీసి ప్లేట్‌లో పెంచలేం. అది మన గాజు పురుగు కులమే కాబట్టి చూడగలిగేది దీంట్లో చూసుకుని అటు లెక్క కడతాం. ఆల్బెండజోల్ రకం మందులు పురుగులో ఏ ప్రోటీన్‌ని పట్టుకుంటాయో, దాంట్లో ఏ మార్పు వస్తే మందు పనిచెయ్యదో సీ. ఎలిగాన్స్ మ్యుటెంట్లలోనే తేలింది, బెన్-1 అని జన్యువు. ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు పట్టుకునే చానల్ (కణం గోడలో ద్వారం లాంటి ప్రోటీన్) జన్యువులు కూడా ఈ పురుగు నుంచే తీశారు.

ఇంకోటి, ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. బోదకాలు పురుగు లోపల వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొన్ని వారాలు ఇచ్చి ఆ బ్యాక్టీరియాని చంపేస్తే తల్లి పురుగు కడుపులో గుడ్లు ఎదగడం మానేస్తాయి, పిల్లలు పుట్టవు. అంటే పురుగుని కొట్టక్కర్లేదు, గుడ్డు ఎదగడం ఆపితే చాలు. మన సీ. ఎలిగాన్స్‌లో వోల్‌బాకియా లేదు, నిజమే, కానీ గుడ్డు ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో చూసి గుర్తుపట్టాలంటే మామూలు గుడ్డు మెట్లన్నీ తెలిసినోళ్ళు కావాలి కదా. నానమ్మ కాలు తగ్గుద్దని చెప్పకు, వాచి గట్టిపడిన కాలు మాత్రతో వెనక్కి రాదు, రోజూ కడిగి పొడిగా తుడుచుకుని పుండు పడకుండా చూసుకోవడమే, అది సిస్టరమ్మగారే బాగా చెప్తారు. "నీ కాలు అలా చేసిన పురుగు గుడ్డుకి ఇది పినతల్లి కూతురు" అని చెప్పు.


ముమ్మిడివరం మల్లి
బుధవారం రాత్రి 11:10

ఏం రాయాలో తెలియట్లేదండి, అందరికీ థాంక్స్. సగంలో దిగినోడు గారు చెప్పినట్టు ఆ ల్యాబ్‌లో ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఆరేళ్ళు పట్టింది అంది, ఆరో ఏడు ప్రాజెక్టు డబ్బుల్లోంచి గైడే ఇచ్చారంట. ఇంకో అబ్బాయి నాలుగో ఏట ఉన్నాడు, వారానికోసారి మేడమ్ పక్కన కూర్చుని వీడియోలు చూస్తారని చెప్పాడు. ఫ్రీజర్ ఎక్కడుందో మొదటిరోజే అడుగుతాను అక్కా.

నానమ్మకి సుబ్బారావుగారి సంగతి చెప్తే "భీమవరం వాడా, మా పుట్టిల్లు అటే" అని అక్కడే ఆగిపోయింది, మిగతాది ఏమీ వినలేదు. పినతల్లి కూతురు మాట మాత్రం పక్కింటామెకి చెప్తోంది. మావయ్య ఇంకా నవ్వుతున్నాడు.

నాన్నకి నిన్న ఫోన్‌లో ఆ గుడ్డు చీలే వీడియో చూపించాను. చెరువు గట్టు మీద, ఏరేటర్లు తిరుగుతుంటే. మూడుసార్లు వేయించుకున్నారు. ఏం మాట్లాడలేదు, వల తీసి చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) చూసుకుని వచ్చి అడిగారు, దానికి మేత ఏంటి, రోజుకి ఎన్నిసార్లు వెయ్యాలి, ఆక్సిజన్ పడిపోతే చస్తాయా అని. నాకు సరిగ్గా తెలీదు, అక్కా మీరు చెప్తే చూపిస్తా.


నర్సాపురం లేసు
గురువారం ఉదయం 6:05

నాన్నగారికి నమస్కారాలు చెప్పు. మేత ఈ. కోలై బ్యాక్టీరియా, ఓపీ50 అనే నీరసం రకం, ప్లేట్ మధ్యలో ఒక్కసారి చుక్క వేసి వదిలేస్తే అదే పెరుగుతుంది, రోజూ వెయ్యక్కర్లేదు, తక్కువ పురుగులుంటే నాలుగైదు రోజులు ఆగుతుంది. మేత అయిపోతే చావవు, చిన్నపిల్లగా ఉన్నప్పుడే నోరు మూసుకుని డాయర్ అనే దశలోకి వెళ్ళిపోయి నెలల తరబడి పస్తులుంటాయి, మళ్ళీ మేత తగిలితే లేచి పెరుగుతాయి. ఆక్సిజన్ పూర్తిగా తీసేసినా ఒక రోజు దాకా గుడ్డు ఎక్కడిదక్కడ ఆగిపోయి, గాలి తగలగానే మళ్ళీ చీలడం మొదలెడుతుంది. ఏరేటర్లు అక్కర్లేదు, కరెంటు మాత్రం కావాలి, ఇంక్యుబేటర్‌కి. జనరేటర్ సంగతి ఆయన్నే అడిగి తెలుసుకుని వెళ్ళు, నాకంటే ఆయనకే బాగా తెలుసుద్ది.